ఏసీ ఆగింది, తప్పు ఏసీది కాదు

బెజవాడ ఎండల్లో రాత్రిపూట ఏసీ ఆగిపోతే ఇంట్లో అందరూ మెకానిక్కులే. అత్తయ్య గ్యాస్ అయిపోయిందన్నారు, మావాడు కంప్రెసర్ పోయిందన్నాడు. ఫోన్లో సర్వీసు అతనైతే చూడకుండానే పీసీబీ (ఏసీ లోపలి సర్క్యూట్ బోర్డు) మార్చాలన్నాడు. ఏం ధైర్యమో!

పొద్దున్నే మా వీధి ఎలక్ట్రీషియన్ వచ్చి, ముందు ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే తనే పడిపోయే స్విచ్) దించి, టెస్టర్‌తో చూసుకుని ప్లగ్ విప్పాడు. న్యూట్రల్ పిన్ దగ్గర వైరు తొడుగు నల్లగా మాడిపోయి, వేలు తగిలితే పెళుసుగా రాలింది. స్క్రూ వదులైతే అక్కడ రెసిస్టెన్స్ పెరిగి వేడెక్కుతుందట. 1.5 టన్నుల ఏసీ సుమారు 7, 8 ఆంపియర్లు గంటల తరబడి లాగుతుంది మరి. కరెంటు అందీ అందక అది ఆగుతూ, వస్తూ ఉంది. సాకెట్ కూడా లోపల కరిగింది. రెండూ 16 ఆంపియర్లవి కొత్తవి వేసి, కాలిన వైరు కొస కత్తిరించి గట్టిగా బిగించాడు. పీసీబీ జోలికే వెళ్లలేదు.

"ఎంసీబీ మాటిమాటికీ పడుతోందని పెద్దది మాత్రం వేయించకండి మేడమ్. అది పడకపోతే గోడలో వైరు కాలుతుంది" అన్నాడు వెళ్తూ.

పక్కింటి అంకుల్ మొన్ననే 32 ఆంపియర్లది పెట్టించారు. వెళ్లి చెప్పాను. విన్నట్టు లేరు.