కోక్ ఓవెన్ల దగ్గర కలిసిన మిత్రుడు

విశాఖ ఉక్కు గురించి మాట్లాడుకునేటప్పుడు మనం 1966 నాటి ఉద్యమాన్ని, "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అన్న నినాదాన్ని, ప్రాణాలర్పించిన 32 మందిని, భూములు వదులుకున్న పల్లెలను తలచుకుంటాం. తలచుకోవాలి కూడా. అయితే ఆ కర్మాగారం కథలో మనం అంతగా చెప్పుకోని భాగం ఒకటి ఉంది. 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక అక్కడి నిపుణులు కుటుంబాలతో సహా వచ్చి మన మధ్య ఏళ్ల తరబడి ఉన్నారు. మనతో కలిసి ఎండలో నిలబడి ఆ బట్టీలను వెలిగించారు. వారిలో ఒకరు నాకు ఆప్తమిత్రులు. ఆయన గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

నేను పనిచేసినది కోక్ ఓవెన్ల విభాగంలో, అంటే బొగ్గును గాలి తగలకుండా వేడిచేసి ఉక్కు తయారీకి కావలసిన కోక్‌గా మార్చే బట్టీల దగ్గర. పక్కపక్కనే కట్టిన ఓవెన్ల వరుసను బ్యాటరీ అంటారు; ఒక్కో బ్యాటరీకి 67 ఓవెన్లు, ఒక్కో ఓవెన్ 7 మీటర్ల ఎత్తు. అంత ఎత్తయిన ఓవెన్లు అంతకుముందు మన దేశంలో లేవు. నిప్పులా ఉన్న కోక్ మీద నీళ్లు కుమ్మరించే బదులు నత్రజనితో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి పుట్టించే పద్ధతి కూడా మనకు కొత్తే. మా మిత్రుడు ఖార్కివ్ నగరం నుంచి వచ్చారు. కోక్ ఓవెన్ల రూపకల్పనకు పేరుపొందిన గిప్రోకోక్స్ సంస్థ ఉన్న ఊరు అది. వయసులో నాకంటే పదేళ్లు పెద్ద, మితభాషి.

కొత్త బ్యాటరీని ఒక్కరోజులో వెలిగించడం కుదరదు. సిలికా ఇటుక వేడికి వ్యాకోచిస్తుంది; అందులోనూ తొలి కొన్ని వందల డిగ్రీలలోనే ఎక్కువగా పెరుగుతుంది. తొందరపడితే గోడలు పగులుతాయి. అందుకని రోజుకు కొద్ది డిగ్రీల చొప్పున, రెండు నెలలకు పైగా, రాత్రింబవళ్లు మంటను పెంచుకుంటూ పోవాలి. కట్టడం ఎంత సాగిందో కొలిచి, దాన్ని నిలువరించే టై రాడ్ల స్ప్రింగులను అందుకు తగ్గట్టు సర్దుతూ ఉండాలి. వేడి ఏ రోజుకు ఎంత పెరగాలో చూపే వంపును ఒక గ్రాఫ్ కాగితం మీద ముందుగా గీసుకుని ఉంచుకుంటాం. మనం పెన్సిలుతో పెట్టే చుక్కలు దాన్ని విడిచి పోకూడదు. మా స్నేహం మొదలైంది ఆ కాగితం మీదనే.

దుబాసీలు కొద్దిమందే, వారు ఎక్కువగా పగటి షిఫ్టులో ఉండేవారు. రాత్రిళ్లు మా ఇద్దరికీ ఉన్న భాష అంకెలు, చేతి సైగలు, డ్రాయింగుల మీద చూసి నేను నేర్చుకున్న కాసిని రష్యన్ అక్షరాలు, ఆయన ఖలాసీల దగ్గర పట్టుకున్న "జాగ్రత్త", "మెల్లగా" వంటి మాటలు. ఆయన తన రీడింగును నాకు చూపకుండా ముందు నన్నే కొలవమనేవారు. ఆ తర్వాత రెండు కాగితాలు పక్కపక్కన పెట్టేవారు. రెండూ ఒక్కటే అయితే ఏమీ అనేవారు కాదు. తేడా వస్తే ఇద్దరం కలిసి మళ్లీ మెట్లెక్కి వెళ్లి కొలిచేవాళ్లం. కొంతకాలానికి ఒక రాత్రి ఆయన తన కాగితం తీయనే లేదు. నా అంకెను చూసి, తన పెన్సిలుతో చుక్క పెట్టి, సంతకం చేశారు. నా ఉద్యోగ జీవితంలో అందుకున్న ఏ ప్రశంసాపత్రాన్నీ నేను దానికి సాటిగా తలచను.

వంటల ఇచ్చిపుచ్చుకోవడాలు మాకూ ఉన్నాయి. ఆయన భార్య పాలు లేని టీ పక్కన చెంచాడు పండ్ల పాకం పెట్టి ఇచ్చేవారు. ఆయన అప్పికొండ తీరానికి వెళ్లినప్పుడల్లా తాటి ముంజలు అడిగి మరీ తినేవారు. మా అమ్మ ఆయనను "బాబూ" అని పిలిచేది, మా పిల్లలకు వారు మావయ్య, అత్తయ్య. ఇవన్నీ తీపి జ్ఞాపకాలే. అయితే నేటి కార్యాలయాలలో భిన్న సంస్కృతుల కలయిక అనగానే ఒక పూట విందుకూ, వేషధారణకూ పరిమితం చేయడం చూస్తే నాకు వెలితిగా ఉంటుంది. మనిషి మీద గురి ఏర్పడేది అతనితో కలిసి కష్టమైన పని చేసినప్పుడు. విందు ఆ తర్వాతే రుచిస్తుందని నా అనుభవం.

1991 డిసెంబరు 25న గోర్బచేవ్ రాజీనామా చేశారు. ఆ మర్నాటికి సోవియట్ యూనియన్ లేదు. మా మిత్రుడు ఎప్పటిలాగే పనిలోకి వచ్చి రీడింగులు అడిగారు. ఆ బృందంలో రష్యా వారు, ఉక్రెయిన్ వారు ఉన్నారు. ఎవరు ఏ రిపబ్లిక్‌కు చెందినవారో అప్పటిదాకా మాలో ఎవరికీ పట్టింపు లేదు. ఒక్కరోజులో వారి పాస్‌పోర్టు మీది దేశం లేకుండా పోయింది, ఊళ్లో జీతాలు ఏమవుతాయో తెలియదు. ఆ సంగతి విని మా హెడ్ ఖలాసీ, "దేశం పేరు మారితే మాత్రం, ఈ బాబు మనోడు కాకుండా పోతాడేటి?" అన్నాడు. నేను దాన్ని నాకు చేతనైన రష్యన్‌లోకి మార్చి చెప్పాను. ఆయన లేచి వెళ్లి ఖలాసీని కౌగిలించుకున్నారు.

1992 ఆగస్టు 1న అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు గారు కర్మాగారాన్ని జాతికి అంకితం చేసినప్పుడు మా మిత్రుడు మా వరుసలోనే కూర్చున్నారు. తిరిగి వెళ్లాక ఏటా కొత్త సంవత్సరానికి ఉత్తరం వచ్చేది. బ్యాటరీ గోడలు ఎలా ఉన్నాయన్న ప్రశ్న లేని ఉత్తరం నాకు గుర్తు లేదు. కొన్నేళ్ల కిందట ఆయన కాలం చేశారు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలై ఖార్కివ్ మీద బాంబులు పడుతున్నప్పుడు ఆయన కుమార్తె ఇల్లు విడిచి వెళ్లవలసి వచ్చింది. నాన్నగారి విశాఖ ఫోటోలు ఆ ఇంట్లోనే పోయాయని ఈమధ్యే నాకు రాసింది. మా పిల్లలతో ఆడుకున్న అమ్మాయి ఆమె.

నా దగ్గరున్నవి స్కాన్ చేసి పంపాను, కానీ అవి కొద్దే. ఆ రోజుల్లో కోక్ ఓవెన్లలో పనిచేసిన వారు, వారి పిల్లలు ఎవరైనా దీన్ని చదివితే, ఇంట్లో పాత ఆల్బమ్‌లు ఒకసారి చూడండి. ముఖ్యంగా తొలిసారి ఓవెన్ నుంచి కోక్‌ను బయటికి తోసిన రోజున బ్యాటరీ ముందు తీసిన సామూహిక చిత్రం కావాలి. అందులో ఉన్నవారి పేర్లు గుర్తున్నంత మేరకు రాసి పంపండి. వాటిని రష్యన్‌లో రాసి ఆ అమ్మాయికి చేర్చే పని నేను చూసుకుంటాను.