గండుచీమ రాణి గూట్లో మధ్యాహ్నపు వరద

జూలై 20. ఒకటో నంబరు ట్యూబులో రాణి ఉండే వైపు మళ్ళీ నీళ్ళు చేరాయి. (పడుకోబెట్టిన గాజు ట్యూబు అడుగున నీళ్ళు, వాటికి అడ్డంగా దూది, దూదికి ఇవతల రాణి. గూడంటే ఇదే.) ఇది నాలుగోసారి. మధ్యాహ్నం మూడు గంటలకు, ట్యూబు మీద కప్పి ఉంచిన ఎర్ర గుడ్డ తొలగించి చూస్తే, రాణి గాజు గోడకు అతుక్కుని, గుడ్ల ముద్దను దవడల మధ్య పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. కింద నీళ్ళలో మూడు లార్వాలు తేలుతున్నాయి. వాటిని సన్న కుంచెతో తీసి ఆరబెట్టాను. ఒక్కటీ బతకలేదు.

ఈ రాణి ఏమీ తినదు. జూన్ 1న వాన వెలిసిన సాయంత్రం, కపిలతీర్థం వైపు మా వీధి దీపం కింద ఉసుళ్ళ గుంపులో దొరికింది. అప్పటి నుంచి తన ఒంట్లోని కొవ్వును, ఇక అక్కరలేని రెక్కల కండరాలను కరిగించుకుంటూ పిల్లలను పెంచుతోంది. పోయిన ప్రతి లార్వా ఆ నిల్వలోంచి పోయినట్టే. పైగా గండుచీమలకు ఛాతీ వెనక భాగంలో ఉండే గ్రంథి లేదు. చాలా జాతుల చీమలు దాని స్రావంతోనే బూజును అణచి ఉంచుతాయి. అందుకే ఇతర చీమల కంటే వీటి విషయంలో తడి నన్ను ఎక్కువగా భయపెడుతుంది.

ఆ రోజు దొరికినవి మూడు రాణులు, ఒక్కోదానికి ఒక్కో ట్యూబు. మూడో నంబరులో మొన్న అయిదు పని చీమలు బయటికి వచ్చాయి, అందరూ క్షేమం. (తిరుమల కొండ మీది అడవి 2010 నుంచి జీవావరణ రిజర్వు. అక్కడి నుంచి ఒక్క చీమను కూడా తేను. వీధి దీపం చాలు.)

ఇక వరద సంగతి. మొదట దూది వదులుగా ఉందనుకున్నాను. ఒకటిన్నర సెంటీమీటర్ల దూదిని రెండున్నర చేసి గట్టిగా దట్టించాను. మందుల షాపులో దొరికే మామూలు సర్జికల్ దూదినే వాడతాను. అలంకరణ సామగ్రి షాపుల్లో అమ్మే రంగురంగుల ఉండల్లో పాలియెస్టర్ కలుస్తుంది, నీళ్ళు పట్టి ఉంచదు, దయచేసి వాడకండి. దూది మార్చినా వరద ఆగలేదు. ఆ తరువాత గాజుకు పట్టిన చెమ్మే కారుతోందనుకున్నాను. అలాగైతే పై గోడ మీద బిందువులు కనిపించాలి. లేవు. మూతి కింద పెన్సిలు పెట్టి ట్యూబును వాల్చాను. నీళ్ళు అడుగుకు జారి, గాలి బుడగ దూదికి తగిలి, రెండు రోజుల్లో దూది ఎండిపోయింది. పెన్సిలు తీసేశాను.

దారి చూపింది మార్కరు గీత. నీటి మట్టం దగ్గర రోజూ ఉదయం ఆరింటికి గీత పెడుతూ వచ్చాను. గీతకూ గీతకూ మధ్య మూడు మిల్లీమీటర్లు. గట్టిగా దట్టించిన దూది వెనక నీళ్ళు అంత త్వరగా ఆవిరవ్వవు. చీమ లేని ట్యూబులు రెండు తయారు చేశాను. ఒకదాన్ని నీటితో నింపాను, బుడగ దాదాపు లేదు. రెండోదానిలో నాలుగున్నర సెంటీమీటర్ల బుడగ వదిలాను. ట్యూబు లోపలి వ్యాసం 14 మిల్లీమీటర్లు కాబట్టి బుడగలో గాలి సుమారు 7 మి.లీ. రెండింటినీ మిద్దె మీది గదిలో, ఒకటో నంబరు ఉన్న అరలోనే పెట్టాను. ఉదయం 28 డిగ్రీలు, మధ్యాహ్నం మూడింటికి 39. నిండు ట్యూబులో చుక్క లేదు. బుడగ ఉన్నదాని దూది ముందు మడుగు కట్టింది. సిరంజితో లాగితే సరిగ్గా అర మి.లీ.

గాలి వ్యాకోచించి నీటిని దూదిలోంచి నెడుతోంది. కానీ లెక్క వేస్తే పదకొండు డిగ్రీలకు పావు మి.లీ. మాత్రమే వస్తోంది. మిగతా పావు ఎక్కడిది? ఒక రాత్రంతా అదే ఆలోచన. బుడగలో పొడి గాలి ఒక్కటే లేదు, నీటి ఆవిరి కూడా ఉంది. వేడెక్కితే దాని పీడనం 28 దగ్గర ఉన్నదానికి దాదాపు రెట్టింపు అవుతుంది. దాన్ని కలిపితే లెక్క అర మి.లీ.కి సరిపోయింది! రాత్రి చల్లబడగానే దూదిలోంచి గాలి లోపలికి దూరుతుంది, బుడగ మరో మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది, మరునాటి వరద ఇంకా పెద్దది. మార్కరు గీతల గుట్టు ఇదే.

మూడో నంబరు ఎందుకు బాగుందో కూడా అప్పుడే తెలిసింది. అరలో చోటు చాలక దాన్ని కింద వంటింట్లో, బియ్యం డ్రమ్ము వెనక పెట్టాను. అక్కడ పగటికీ రాత్రికీ పెద్ద తేడా ఉండదు.

అమ్మకు చెబితే, "నీళ్ళ కుండ కింద ఇసుక ఎప్పుడూ చల్లగానే ఉంటుంది కదా నాయనా, అక్కడ పెట్టి చూడు" అంది. ఉష్ణమాపిని ఇసుకలో గుచ్చాను. ఉదయం 26, మధ్యాహ్నం 28న్నర. పెద్ద బుడగ ట్యూబును రెండు రోజులు అక్కడ ఉంచితే మడుగు కట్టలేదు. ఈ సాయంత్రం ఒకటో, రెండో నంబర్లను మూత ఉన్న డబ్బాలో పెట్టి ఇసుకలోకి దించాను. ఇంత చల్లదనంలో లార్వాలు పట్టుగూళ్ళు కట్టడానికి మరో వారం ఎక్కువ పట్టవచ్చు. పట్టనీ.

కుండ దగ్గరికి కుట్టే ఎర్ర చీమలు వస్తాయి, అదొక్కటే దిగులు. అవి ఎక్కలేక జారిపోయేలా డబ్బా అంచుకు టాల్కు పౌడరు, స్పిరిటు కలిపి పూశాను. పాండ్స్ టాల్కు నాకు బాగా పనిచేస్తోంది. మొక్కజొన్న పిండితో చేసే పిల్లల పౌడర్లు రెండు రోజుల్లో రాలిపోయాయి. ఇదే పనికి వాడే ఫ్లూఆన్ అనే జారుడు పూత ధర చూస్తే కొనబుద్ధి కాదు.

మూడో నంబరు పని చీమలకు రేపటి నుంచి బెల్లం నీళ్ళు, బొద్దింక కాళ్ళు. వాటి సంఖ్య ఇరవై అయ్యేదాకా ట్యూబులోంచి కదపను. ఆ తరువాత స్వర్ణముఖి ఒడ్డున తుమ్మ చెట్ల మీద గండుచీమలు కొమ్ముల పురుగులను కాపలా కాస్తూ అవి విసర్జించే తీపి ద్రవాన్ని (తేనె బంక) తాగడం రాత్రి పూట టార్చితో చూసి రావాలి. ఇంకా మార్గశిరంలో మంచు పడే రోజులకు మరో పని ఉంది. డయకామా చీమలు గూటి ద్వారం చుట్టూ ఈకలు పేర్చి, వాటి మీద పడ్డ మంచు బిందువులను తాగుతాయని కీటక శాస్త్రవేత్త మార్క్ మాఫెట్ 1985లో మన దేశపు చీమలను చూసే రాశారు. మా మామిడి తోటలో అలాంటి గూళ్ళు రెండు ఉన్నాయి, ఒకదాని నోటి దగ్గర కోడి ఈక కూడా ఉంది. తెల్లవారుజామున అయిదింటికే వెళ్ళి కూర్చుంటాను.