రెండేళ్ళకొక్క నెల

ఒడిశాలోని బరంపురంలో రెండేళ్ళకొకసారి చైత్రమాసంలో ఠాకురాణి యాత్ర మొదలవుతుంది. బుఢీ ఠాకురాణి అమ్మవారు తన గుడి విడిచి, నేతవాళ్ళ కులపెద్ద అయిన దేశీబెహరా వీధికి, పుట్టింటికి వచ్చిన ఆడపడుచులాగా వచ్చి, అక్కడ కట్టిన తాత్కాలికపు గుడిలో ఇంచుమించు నెల రోజులు ఉంటుంది. రాత్రిపూట ఘటాలు వీధులు తిరుగుతాయి. మొక్కుకున్నవాళ్ళు వేషాలు కడతారు. శివుడు, రాముడు, నారదుడు, అన్నిటికన్నా ఎక్కువగా పులి. ఎక్కడో గుమాస్తాగిరీ చేసుకునే పెద్దమనిషి ఒళ్ళంతా పసుపురంగు పూయించుకుని, నల్లచారలు దిద్దించుకుని, తోక కట్టుకుని బజారులో నడుస్తుంటే ఎవరూ నవ్వరు, పక్కకు తప్పుకుని దారిస్తారు. యాత్ర ముగిసిన మర్నాటి నుంచి అదే బజారులో ఒక కుర్రవాడు చెవులు దాటేలా జుట్టు పెంచితే మాత్రం నలుగురూ ఆగి చూస్తారు. నేను రాస్తున్నది ఆ మిగిలిన ఇరవై మూడు నెలల సంగతి.

మాది నేతవాళ్ళ ఇల్లు. ఎప్పుడో రాజమండ్రి వైపు నుంచి మహురీ రాజు పిలిపిస్తే వచ్చామని మా పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. ఇంట్లో తెలుగు, వీధిలో రెండూ, బడిలో ఒరియా. ఊళ్ళో తెలుగు మీడియం లేకపోలేదు గానీ, ఈ రాష్ట్రంలో ఉద్యోగం రావాలంటే ఈ రాష్ట్రపు భాషలోనే చదవాలని మా నాన్న నన్ను ఒరియా మీడియంలో వేశారు. ఆయన లెక్క తప్పు కాదు. ఆ లెక్కలో చేరనిది ఒక్క అచ్చు, అంతే. ఒరియాలో హల్లు మీద ఏ గుణింతమూ లేకపోతే దాన్ని 'అ'తో కాదు, 'ఒ'కు దగ్గరగా పలకాలి. మనం 'జగన్నాథ' అన్నచోట వాళ్ళు 'జొగొన్నాథొ' అంటారు. మామూలుగా మాట్లాడేటప్పుడు నేనూ అలాగే అనేవాణ్ణి. నిలబెట్టి పాఠం చదవమంటే మాత్రం, కంగారులో నా నోట్లోంచి మా నాయనమ్మ 'అ' బయటపడేది. ఎనిమిదో తరగతిలో ఒకరోజు ఆ పేరునే మూడుసార్లు చదివించారు. మూడుసార్లూ నేను 'అ' అనే అన్నాను. మూడోసారికి క్లాసంతా నాతోపాటు పలికింది, నాలాగే. ఆ రోజు నుంచి నా పేరు 'తెలెంగా'. ఆ మాటకు తెలుగువాడు అనే అర్థం. అయితే అది పలికే తీరులోనే తిట్టు ఉంటుంది.

పోనీ సరిహద్దు దాటితే సుఖమా అంటే అదీ లేదు. ఇచ్ఛాపురం మాకు గంట ప్రయాణం. అక్కడ మా మేనత్తవారింట్లో పెళ్ళికి వెళితే, నా తెలుగు విని ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని "ఒరియా అబ్బాయి వచ్చాడే" అనేవారు. వాళ్ళది వేళాకోళమే, ద్వేషం కాదు. పద్నాలుగేళ్ళవాడికి ఆ తేడా తెలియదు.

బడిలో నన్ను ఎవరూ కొట్టలేదు, ఆ మాట న్యాయంగా చెప్పాలి. జరిగింది అంతకన్నా చిన్నది, అంతకన్నా పొడుగైనది. క్రికెట్టుకు జట్లు పంచుకునేటప్పుడు చివరికి మిగిలేవాణ్ణి, బేసి సంఖ్య వస్తే అంపైరునయ్యేవాణ్ణి. అలా మిగిలిపోయేవాళ్ళు నాతోపాటు మరో ఇద్దరుండేవారు. ఒకడు కరెంటు లైన్‌మన్ కొడుకు, సోడాబుడ్డి కళ్ళద్దాలవాడు. రెండోవాడు తొమ్మిదో తరగతి రెండుసార్లు తప్పి, మాకన్నా మీసం ముందున్నవాడు. ముగ్గురం ఒకరికొకరం ఇష్టపడి కలవలేదు. ప్రహరీగోడ పక్కన నీడ ఒక్కచోటే ఉండేది.

తొమ్మిదో తరగతి వేసవిలో మా మేనమామ గారి అబ్బాయి, విశాఖపట్నంలో ఇంజనీరింగు చదివే మా బావ, ఒక కేసెట్టు తెచ్చి నా చేతిలో పెట్టాడు. చూడటానికి అది భక్తిపాటల కేసెట్టు, పైన అమ్మవారి బొమ్మ కూడా ఉంది. కొన్న కేసెట్ల మీద మళ్ళీ రికార్డు చేయకుండా పైఅంచున రెండు చిన్న గుంటలు వదిలేస్తారని, వాటికి సెల్లోటేపు అంటిస్తే దేనిమీదైనా రికార్డు చేసుకోవచ్చని ఆ కాలం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. బావ ఆ గుంటలు మూసి, లోపల హెవీ మెటల్ అనే మోత ఎక్కువైన ఇంగ్లీషు రాక్ సంగీతం నింపాడు. పాట కొలత చాలక చివర రెండు నిమిషాలు పాత టేపు అలాగే మిగిలిపోయింది. అందుచేత నలభై నిమిషాల పాటు రేకుల షెడ్డు మీద రాళ్ళవాన కురిసినట్టు మోత, ఆ తరువాత ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ వెంటనే గంటలతో మంగళహారతి. హారతి వినిపించేవేళకే మా నాయనమ్మ గదిలోకి వచ్చేది. నేను భక్తిలో పడ్డానని ఆవిడ చాలాకాలం సంతోషించింది.

ఆ మోత నాకు మొదటిసారే నచ్చిందని అబద్ధం చెప్పను. తలనొప్పి వచ్చింది. రెండోసారి విన్నది సోడాబుడ్డి కళ్ళద్దాలవాడికి వినిపించడానికి. పదోసారికి మాత్రం ఒక సంగతి అర్థమైంది. ఆ పాడేవాడు ఎవరినీ మెప్పించాలని పాడటం లేదు, ఉచ్చారణ దిద్దుకోమని అతణ్ణి ఎవరూ నిలబెట్టలేరు. మాటలు సగం తెలియవు, తెలియకపోవడం అక్కడ తప్పు కాదు. ఈ పాటలు చేసేవాళ్ళలో చాలామంది మనలాగే మిగిలిపోయినవాళ్ళని బావ అన్నప్పుడు, మిగిలిపోవడం ఒక అర్హత కూడా అవుతుందన్న ఆలోచన జీవితంలో మొదటిసారి నాకు తగిలింది.

బావ చెప్పిన కథల్లో మా ఇంటిదాకా వచ్చినది ఒకటుంది. ఈ సంగీతానికి ఆద్యులుగా చెప్పే బ్లాక్ సబ్బాత్ బృందం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో, ఫ్యాక్టరీల మధ్య పెరిగిన నలుగురు కుర్రవాళ్ళది. వాళ్ళ మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరిలో వచ్చింది. గిటారు వాయించే టోనీ అయోమీ పదిహేడేళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో పని మానేయబోయే ఆఖరి రోజున, యంత్రంలో చెయ్యి పడి రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. ఒక సాయంత్రం మా నాన్న గుంటమగ్గంలో కూర్చుని ఉండగా, ఎందుకో ధైర్యం చేసి ఇది చెప్పాను. ఆయన మగ్గం పలక ఆపి, "ఏ వేళ్ళురా?" అన్నారు.

"కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు."

ఆయన తన కుడిచెయ్యి పైకెత్తి, ఆ రెండు వేళ్ళూ మడిచి, కాసేపు గాలిలో ఆడించి చూశారు. "అయితే నాడె ఇసరగలడు గాని, తెగిన పోగు ముడెయ్యలేడు. మరెలాగ వాయించాడు?"

అతను ఎడమచేతి వాటం వాడనీ, తీగలు నొక్కవలసింది ఆ కుడిచేతి వేళ్ళతోనే అనీ, ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకుని పైన తోలు అంటించాడనీ, నొప్పి తగ్గడానికి సన్నటి తీగలు కట్టాడనీ, తరువాత్తరువాత వాటి బిగింపు సడలించాడనీ, ఆ బరువైన మోత అలా పుట్టిందనీ చెప్పాను. ఇన్ని చెప్పినా ఆయనకు పట్టింది చివరిదొక్కటే. బిగువు తగ్గితే పడుగు పాడవుతుందని నలభై ఏళ్ళుగా నమ్మిన మనిషి. "సడలిస్తే బాగుంటుందా?" అని రెండుసార్లు అడిగి, మళ్ళీ పలక లాగారు. నా సంగీతం గురించి మా నాన్న వేసిన ప్రశ్నలు జన్మకంతా ఆ మూడే, మూడూ మంచివే.

చలికాలంలో ఒడిశాలోనే ఉన్న చంద్రగిరి వైపు నుంచి టిబెట్టువాళ్ళు వచ్చి మా ఊళ్ళో స్వెట్టర్ల దుకాణాలు పెడతారు. అక్కడ పుర్రె బొమ్మ ఉన్న నల్ల టీషర్టు ఒకటి దొరికింది. మా ఇంట్లో నలుపంటే శనివారం నూనె, అంతే. అమ్మ దాన్ని దండెం మీద వేయనివ్వలేదు, పెరట్లో బాదంచెట్టు కొమ్మకు ఆరేసేవాణ్ణి. జుట్టు కూడా పెంచడం మొదలుపెట్టాను. మేం ముగ్గురం రాత్రి మేడ మీద చేరి, కళ్ళు మూసుకుని తలలు ఊపేవాళ్ళం. చూసేవాళ్ళకు పూనకం వచ్చినట్టే ఉండేది. పూనకమంటే భయభక్తులున్న మా వీధివాళ్ళు దీన్ని మాత్రం పిచ్చి అన్నారు.

పదో తరగతిలో ప్రార్థన వేళ డ్రిల్లు మాస్టారు నన్ను వరుసలోంచి బయటకు పిలిచి, జేబులోంచి కత్తెర తీసి, కుడిపక్క జుట్టు మాత్రం కత్తిరించి వదిలేశారు. రెండో పక్క కూడా కత్తిరించి ఉంటే అది శిక్ష అయ్యేది. ఒకవైపే కత్తిరించడం వేడుక. మిగతాది మంగలికి వదిలిపెట్టారు. ఇంటికి వెళ్ళేదాకా నేను ఎడమపక్క చేత్తో కప్పుకుని నడిచాను, ఎందుకు ఆ పక్కనే కప్పుకున్నానో ఇప్పటికీ తెలియదు.

అది యాత్ర ఏడాది. అంతకు ముందు నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పులివేషం కట్టిస్తానని నాయనమ్మ మొక్కుకుని ఉంది. తెల్లవారుజామున నిలబెడితే రంగు పూయడానికి పొద్దెక్కేదాకా పట్టింది. కూర్చోకూడదు, చెయ్యి దించకూడదు. ఎండుతున్న రంగు చర్మాన్ని లోపలికి లాగుతుంటే, నేనెవరినో నాకు ఒక్కో అంగుళం చొప్పున చెరిగిపోతున్నట్టు అనిపించింది. డప్పులు మొదలయ్యాక మేడ మీద నేర్చుకున్న తల ఊపుడంతా వీధిలో పనికొచ్చింది. మా ముగ్గురి మధ్యే ఉన్న విద్య అది, ఆ రోజు జనం ఈల వేసి మెచ్చుకున్నారు. బడాబజారు దగ్గర గుంపులో డ్రిల్లు మాస్టారు ఉన్నారు. ముందుకొచ్చి, పది రూపాయల నోటు మడిచి, పులి నోటికి అందించారు. నేను పళ్ళతో అందుకున్నాను. ఆయన చెయ్యి కళ్ళకద్దుకుని వెనక్కి తగ్గారు. నన్ను గుర్తుపట్టలేదు. నేను చెప్పనూ లేదు. ఆ నోటుతో ముగ్గురం మర్నాడు ఖాళీ కేసెట్టు కొనబోయాం, డబ్బు చాలలేదు.

తరువాత నేను కూడా చదువుకు విశాఖ వెళ్ళాను. బావ గదిలో రాక్ స్ట్రీట్ జర్నల్ పాత సంచికలు దొంతరగా ఉండేవి. ఆ పత్రిక 1993లో అమిత్ సైగల్ అలహాబాదులో మొదలుపెట్టినది. బొంబాయిలోనో బెంగళూరులోనో కాక గంగ ఒడ్డున అలహాబాదులో అని తెలిసినప్పుడు, బరంపురంలో మా మేడకు కూడా ఏదో మర్యాద దక్కినట్టయింది. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో నాకు ఎదురైనది మరొకటి, దిగంబర కవులు. ఆరుగురు కవులు ఇంటిపేర్లు, కులం పేర్లు వదిలేసి కొత్త పేర్లు పెట్టుకుని, తమ సంపుటాలను 1965లో హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుడి చేత, 1966లో విజయవాడలో ఒక హోటలు పనివాడి చేత, 1968లో ఇదే విశాఖలో ఒక యాచకురాలి చేత ఆవిష్కరింపజేశారు. ఎదురుతిరగడమంటే ఇంగ్లీషు కేసెట్లలో మాత్రమే వస్తుందనుకున్న నాకు అది చెంపపెట్టు. ఆ కవితల్లో కొన్ని ఇప్పుడు చదివితే వట్టి కేకలుగా మిగిలాయనిపిస్తుంది. నా కేసెట్లలో సగం కూడా అంతే కాబట్టి ఆ మాట గట్టిగా అనలేను.

2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ అనే మెటల్ బృందం బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో కచేరీ చేసింది. విశాఖలో రైలెక్కాను. అంత మోత వినడానికి నేనెక్కిన రైలు పేరు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్. మైదానంలోకి అడుగుపెట్టగానే మొదట కలిగింది ఆనందం కాదు, చిన్నపాటి సిగ్గు. కనుచూపుమేరా నల్ల టీషర్టులే. ఎవరిలాగా ఉండకూడదని ఎక్కడెక్కడి దూరాలవాళ్ళం కూడా ఒకే దుస్తులు వేసుకుని వచ్చాం. బడిలో తెల్లచొక్కా, ఖాకీ నిక్కరు వేసుకున్నప్పుడు కూడా నేను ఇంతగా వరుసలో కలిసిపోలేదు. అయితే ఆ సిగ్గు పాట మొదలయ్యేదాకానే ఉంది.

మధ్యలో వెనక నుంచి ఒరియా వినిపించింది. రూర్కెలా కుర్రవాళ్ళు ఇద్దరు. ఎక్కడినుంచని అడిగితే, బరంపురాన్ని ఒరియాలో అన్నట్టు బ్రహ్మపురమన్నాను. "మనవాడే" అని ఒకడు భుజం మీద చెయ్యి వేశాడు. చాలాసేపు ఒరియాలోనే మాట్లాడుకున్నాం. నా 'అ' వాళ్ళకు వినిపించిందో, ఆ స్పీకర్ల హోరులో కొట్టుకుపోయిందో తెలియదు.

కిందటి యాత్రకు ఊరు వెళ్ళాను. నాయనమ్మ, నాన్న లేరు, మగ్గం గుంట పూడ్చి పైన గచ్చు చేశాం. మా చెల్లెలి కొడుకు, పదిహేనేళ్ళవాడు, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు, చెవుల్లో ఎప్పుడూ ఆ తీగలే. వాడికీ ఒక మొక్కు ఉంది. పులి వద్దన్నాడు. ఫోనులో ఒక బొమ్మ చూపించి, మొహమంతా తెలుపు, కళ్ళ చుట్టూ పెదవుల చుట్టూ నలుపు, అలా కావాలన్నాడు. నార్వే వైపు మెటల్ బృందాలవాళ్ళు పూసుకునే రంగు అది, చూడగానే గుర్తుపట్టాను, నోరు మెదపలేదు. రంగులవాడు మాత్రం ఏమీ ఆశ్చర్యపోకుండా అరగంటలో దిద్దేశాడు. పులికన్నా తేలికట.

వాడు బయటికి వస్తుంటే మా అమ్మ గుమ్మంలో ఆపి, మొహంలోకి పరీక్షగా చూసి, "ఇదే దేవుడురా?" అని నన్నడిగింది.

"బేతాళుడమ్మా."

"మరి ఊరికే పంపితే ఎలాగ?" అని లోపలికి వెళ్ళి, నిమ్మకాయ ఒకటి దారానికి గుచ్చి తెచ్చి, వాడి నడుముకు కట్టి వీధిలోకి పంపింది.