బడి వంటగదిలో పోషణ ఎక్కడ కారిపోతుంది

ఆదోని పక్క పత్తి చేలకైనా, కళ్యాణదుర్గం పక్క చెనక్కాయ కళ్లాలకైనా కూలికి పోయే ఇంట్లో పొద్దున ఆరున్నరకల్లా పొయ్యి ఆరిపోతుంది. పిల్లోడి కడుపులో పడేది గ్లాసుడు టీ, రెండు బిస్కెట్లు. అంటే మధ్యాహ్నం బడిలో పెట్టే అన్నమే ఆ రోజుకి మొదటి తిండి. కొలత ప్రకారం చూస్తే అదేమీ చిన్న భోజనం కాదు. కానీ బియ్యం బస్తాకీ పిల్లల కంచానికీ మధ్య చాలా కారిపోతుంది.

ఐదో తరగతి దాకా ఒక్కో పిల్లకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది వరకు 150, 30, 75, ఏడున్నర. చిన్నపిల్లలు 60 మంది వస్తే పప్పు కిలో 200 గ్రాములు, కూరగాయలు 3 కిలోలు పడాలి. ఈ లెక్క వంటగది గోడ మీద రాసి పెట్టండి, పక్కనే తక్కెడ ఉంచండి. చేటతో, చేత్తో అందాజుగా వేస్తే ముందు తగ్గేది పప్పే. ధర ఎక్కువ, పైగా నీళ్లు పోస్తే పెరిగినట్టే కనిపిస్తుంది కదా. వడ్డించేటప్పుడు గరిటె అడుగుదాకా పోవాలి, ప్రతిసారీ కలపాలి. లేకపోతే వరసలో ముందున్న పిల్లలకి చారు నీళ్లు, చివరివాళ్లకి ముద్దపప్పు.

బియ్యంలో కొన్ని గింజలు నీళ్లలో తేలతాయి, రంగు కాస్త తేడాగా ఉంటుంది. "ప్లాస్టిక్ బియ్యం" అని వంటమ్మలు వాటిని ఏరి పారేస్తుంటారు. అవి బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలు. వంద గింజలకి ఒకటి చొప్పున కలుపుతారు. అవి పోతే బలం చేర్చిన బియ్యం మామూలు బియ్యమే. కాబట్టి నాలుగైదుసార్లు కడగొద్దు, తేలినవి పారబోయొద్దు. గంజి వార్చకుండా నీళ్లు ఇగిరేలా వండాలి. వార్చక తప్పదంటే ఆ గంజి పప్పుచారులో పోయండి.

గుడ్ల విషయంలో తూకం ముఖ్యం. 50 గ్రాముల గుడ్లయితే 30 గుడ్ల అట్ట, గుడ్ల వరకే, కిలోన్నర తూగాలి. కర్నూలు ఎండలకి గుడ్లు తొందరగా పాడవుతాయి. దించుకోగానే నీడలో పెట్టండి, ముందే కడిగి నిల్వ చేయొద్దు. వండేముందు నీళ్లలో వేసి, తేలినవి తీసేయాలి. గుడ్డు తినని పిల్లలకి అరటిపండు ఇచ్చి సరిపెట్టడం నాకు నచ్చదు. గుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులుంటే, అరటిపండులో ఒకటి. గుప్పెడు వేయించిన చెనక్కాయ విత్తనాలు, అంటే 25 గ్రాములు, గుడ్డుకి సాటి వస్తాయి. కర్నూలు పక్క బుడ్డలంటారు, పేరేదైనా మన నేల పంటే.

రాగిజావ 2023 నుంచి బడుల్లో ఇస్తున్నారు. వంద మందికి కిలో పిండి, కిలో బెల్లం, 15 లీటర్ల నీళ్లు తీసుకోండి. పిండిని ముందు చన్నీళ్లలో కలిపి, మరిగే నీళ్లలో పోస్తూ తిప్పాలి. నేరుగా ఎసట్లో వేస్తే ఉండలు కడుతుంది. పది నిమిషాలైనా ఉడకాలి, పచ్చివాసన ఉంటే పిల్లలు గ్లాసు ముట్టరు. బెల్లం విడిగా కరిగించి వడకట్టండి, ఇసుక ఉంటుంది. అయితే ఈ కొలతకి ఒక్కో గ్లాసులో వచ్చేది 70 కేలరీలే. ఇది పొద్దుటి టిఫిన్ కాదు. ఇంట్లో బొరుగులతో ఉగ్గాని చేసేవాళ్లుంటే పుట్నాల పొడి రెండు చెంచాలు ఎక్కువ వేయమని చెప్పండి. వట్టి బొరుగులు గంటకే అరిగిపోతాయి.

ఐరన్ మాత్ర వారానికొకటి. ఐదు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకి గులాబీ రంగుది, 45 మిల్లీగ్రాములు. పదేళ్లు దాటితే నీలం రంగుది, 60 మిల్లీగ్రాములు. పరగడుపున ఇస్తే వికారం పుడుతుంది. ఒక పిల్ల కక్కుకుంటే చూసిన పదిమందికీ కడుపులో తిప్పుతుంది, మరుసటి వారం సగం మాత్రలు కిటికీ బయట ఉంటాయి. అన్నం తిన్నాక, నిలబడి చూస్తూ మింగించాలి. జ్వరమొచ్చిన పిల్లలకి ఆ వారం వద్దు. విరోచనం నల్లగా వస్తుందని తల్లులకి ముందే చెప్పాలి. జావతోనో పాలతోనో ఇవ్వొద్దు, వాటిలోని కాల్షియం ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. టీ ఇంకా చెడ్డది, అన్నానికి గంట ముందూ వెనకా తాగకూడదు. అదే కంచంలో నిమ్మకాయ పిండితే, జామకాయ ముక్క పెడితే ఇనుము బాగా పడుతుంది. నులిపురుగులుంటే మాత్ర ఫలితం తగ్గుతుంది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్‌ను నమిలి మింగాలి.

అనంతపురం జిల్లాలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో ఇంకో చిక్కు. తాగడానికి ప్లాంటు నీళ్లు తెస్తారు, వంట మాత్రం బోరు నీళ్లతోనే. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. అన్నం, పప్పు ఆ నీళ్లనే పీల్చుకుంటాయి. పళ్ల మీద గోధుమరంగు చారలున్న పిల్లలు తరగతిలో ఎక్కువమంది ఉంటే ముందు బోరు నీళ్లు పరీక్ష చేయించండి. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే వంటకీ వేరే నీళ్లు చూడాలి.

మూడు నెలలకోసారి బరువు తూచి రాయండి, బూట్లు లేకుండా, ఒకే యంత్రం మీద. ఆరు నుంచి పదేళ్ల పిల్లలు ఏడాదికి రెండు మూడు కిలోలు పెరగాలి. వరసగా రెండు తూకాల్లో ముల్లు కదలకపోతే పీహెచ్‌సీకి పంపాలి. కోసిగి, కౌతాళం పక్క మిరపకోతలకి గుంటూరు వెళ్లొచ్చిన కుటుంబాల పిల్లల్ని తిరిగొచ్చిన వారమే తూచండి. వలస నెలల్లో ఏం తిన్నారో ఆ అంకె చెప్తుంది.