‘ఇతనే’ అన్న ఒక్క మాట మీద మా అప్పీలు

దోపిడీ కేసులో మా తమ్ముడికి మేజిస్ట్రేట్ కోర్టు శిక్ష వేసింది. గొలుసు వాడి దగ్గర దొరకలేదు, వేలిముద్రలూ లేవు. రాత్రిపూట గొలుసు పోగొట్టుకున్న ఆవిడ బోనులో నిలబడి ‘ఇతనే’ అన్నారు, శిక్షకు అదే ఆధారం.

ఆవిడ అబద్ధమాడారని అప్పీలులో రాయించాలని ఇంట్లో అందరి పట్టుదల. మా లాయరు గారు ఒప్పుకోలేదు. ఆవిడకు మీవాడంటే పగ లేదు, నమ్మే చెప్పారు, ఆ సంగతి జడ్జి గారికీ కనబడుతుంది అన్నారు. ఆవిడ ఎంతసేపు చూశారు, ఏ వెలుతురులో చూశారు, ఆ తర్వాత ఆవిడకు ఎవరు ఏం చూపించారు? మనం అడగాల్సింది ఇదీ అన్నారు.

సెషన్స్ కోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులు. తీర్పు సర్టిఫైడ్ కాపీ రావడానికి పట్టిన రోజులు అందులో లెక్కకు రావు. అప్పీలుతో పాటే శిక్ష నిలుపుదలకు పిటిషన్ వేసి బెయిల్ తెచ్చుకున్నాం.

అసలు పని రికార్డు చదవడం. అప్పీలులో మామూలుగా కొత్త సాక్షులు ఉండరు, ఉన్న కాగితాల్లోంచే అంతా తియ్యాలి. ఎఫ్ఐఆర్‌లో ‘గుర్తు తెలియని ఇద్దరు’ అనే ఉంది. ఎత్తు, రంగు, ముఖంలో ఏ గుర్తూ లేవు. వీధి దీపం ఎక్కడుందో పోలీసులు గీసిన రఫ్ స్కెచ్‌లో చూపించలేదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే మా వైపు లాయరు ప్రశ్నలకు జవాబుగా, ఆవిడ చెప్పిన ఒక వాక్యం దగ్గర లాయరు గారు ఆగిపోయారు: గుర్తింపు పరేడ్‌కు (నిందితుణ్ణి మరికొందరి మధ్య నిలబెట్టి సాక్షిని గుర్తుపట్టమనడం) ముందే స్టేషన్‌లో ఫొటో చూపించారట. పరేడ్ జరిపిన మేజిస్ట్రేట్ ప్రొసీడింగ్స్‌లో మా తమ్ముడు ఆ రోజే ఇదే అభ్యంతరం చెప్పినట్టు రాసి ఉంది. కింది కోర్టు తీర్పులో ఈ రెండింటి ఊసే లేదు. చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతుంది.

పరేడ్ లేకపోయినా తగిన కేసులో కోర్టులో గుర్తించడాన్ని నమ్మవచ్చన్న 2003 నాటి సుప్రీంకోర్టు తీర్పును, మల్ఖాన్ సింగ్ కేసును, ప్రభుత్వం తరఫు లాయరు పీపీ గారు చూపించారు. అది మాకు పెద్ద టెన్షన్. మా లాయరు గారు దాన్ని కాదనలేదు. అక్కడ బాధితురాలికి నిందితుల ముఖాలు బాగా చూసే అవకాశం ఉంది, ఇక్కడ బండి దూసుకుపోయిన కొన్ని క్షణాలే అన్నారు. పరేడ్ కేవలం బలపరిచే సాక్ష్యం, ముందే ఫొటో చూపిస్తే ఆ బలం కూడా పోతుంది, సాక్షికి ఆ ఫొటోలోని ముఖమే గుర్తుండిపోయి ఉండవచ్చు అని వాదించారు.

తీర్పుకు ముందే అప్పట్లో అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 437ఎ సెక్షన్ కింద, ప్రభుత్వం పైకోర్టుకు వెళ్తే హాజరవుతామని, ఆరు నెలల బాండ్లు జామీనుదారులతో సహా రాయించుకున్నారు. చివరికి బెనిఫిట్ ఆఫ్ డౌట్, అంటే సందేహం వల్ల కలిగే లాభం, మా తమ్ముడికి ఇచ్చి శిక్ష కొట్టేశారు. ఫొటో గురించి ఆవిడ చెప్పిన ఆ వాక్యాన్ని ఈసారి తీర్పులో ఉన్నదున్నట్టు ఎత్తి రాశారు.