మూడో దశాంశం దాకా కదలని అంకె

తెలివి పుట్టుకతోనే వస్తుందని చెప్పాలంటే ఒకప్పుడు చాలామంది సిరిల్ బర్ట్ లెక్కలు చూపించేవాళ్లు. బ్రిటన్‌లో సర్ బిరుదు పొందిన సైకాలజిస్టు, ఆయన మాటకి తిరుగులేదు. వేర్వేరు ఇళ్లలో పెరిగిన ఒకే పోలిక కవలల ఐక్యూలు ఎంత దగ్గరగా ఉన్నాయో 1955లో 21 జంటలతో లెక్కగట్టి, కోరిలేషన్ (రెండు కొలతలు ఎంత కలిసి నడుస్తాయో చెప్పే అంకె, పూర్తిగా కలిస్తే 1) 0.771 అన్నాడు. 1966కి జంటలు 53 అయ్యాయి, అంకె మాత్రం అదే 0.771. కలిసి పెరిగిన కవలలకీ అంతే, రెండుసార్లూ 0.944.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను. ఒక సెక్షన్ మార్కుల సగటు తీసి, పక్క సెక్షన్‌ని కూడా కలిపి మళ్లీ తీయండి, మూడో దశాంశం దాకా అదే వస్తుందేమో చూడండి. రాదు. బర్ట్ అంకెలు కదలని ఈ సంగతి అమెరికన్ సైకాలజిస్టు లియోన్ కామిన్ బయటపెట్టేదాకా, అంటే 1970ల దాకా, పెద్ద పెద్ద ప్రొఫెసర్లు ఎవరూ పట్టించుకోలేదంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది. ఎందుకంటే 1969లో ఆర్థర్ జెన్సన్ అనే అమెరికన్ సైకాలజిస్టు, వెనకబడిన పిల్లలకి ప్రత్యేక చదువులు పెట్టినా ఐక్యూ పెద్దగా పెరగదని రాసినప్పుడు ఈ కవలల లెక్కల్నే బాగా నమ్ముకున్నాడు.

1976లో ఆలివర్ గిల్లీ అనే విలేఖరి బర్ట్ సహాయకుల కోసం వెతికితే జాడ దొరకలేదు. బర్ట్‌ని గౌరవించే సైకాలజిస్టు హెర్న్‌షానే జీవితచరిత్ర రాయడానికి బర్ట్ డైరీలు చదివి, బర్ట్ డేటా కల్పించాడని 1979లో తేల్చాడు. తర్వాత జాయిన్‌సన్, ఫ్లెచర్ అనే ఇద్దరు పరిశోధకులు అది మోసం కాదు అజాగ్రత్త అని వాదించారు, ఆ గొడవ పూర్తిగా తెగలేదు. తెగకపోయినా ఆ అంకెలు ఎందుకూ పనికిరావు, నా మట్టుకు అదే ముఖ్యం.

అలాగని జన్యువుల పాత్రే లేదని కాదు, మిన్నెసోటా కవలల అధ్యయనంలోనూ 1990లో 0.7 చుట్టుపక్కలే వచ్చింది. కానీ అది గుంపు మీద తీసిన లెక్క, మీ పాప బుర్ర ఎంతో అది చెప్పదు.

మొన్న ఒకావిడ తన పాప వేలిముద్రలు చూసి తెలివి చెప్పే రిపోర్టు తెచ్చారు. పుట్టుకతోనే లెక్కల తెలివి తక్కువట, ఎంపీసీ వద్దని రాశారు. ఎంతమంది పిల్లల మీద పరీక్షించి చెప్తున్నారో, ఆ వివరాలు ఇమ్మని రిపోర్టు ఇచ్చినవాళ్లకి నా ఎదుటే ఫోన్ చేయించాను. సాఫ్ట్‌వేరే చెప్తుందండీ అన్నారు. ఆ పాపకి పదో తరగతి లెక్కల్లో 91 వచ్చాయి.