భూకంపం పాఠం చెప్పినందుకు సంజాయిషీ

మా తొమ్మిదో తరగతికి భూకంపాల పాఠం, డ్రిల్ రెండూ ముగించాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

2024 డిసెంబరు 4 పొద్దున ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు మా భద్రాద్రి జిల్లాలోనూ అల్మారాలో గిన్నెలు మోగాయి. కాబట్టి ఆసక్తి పుట్టించే పని నాకు తప్పింది. ‘మళ్లీ వస్తుందా సార్?’ అని పిల్లలే అడిగారు. 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చిందని, గోదావరి లోయ వెంబడి భూమి లోపల పాత పగుళ్లున్నాయని చెప్పాను. ఫలానా తేదీన వస్తుందని వాట్సాప్‌లో చెప్పేవాణ్ని మాత్రం నమ్మొద్దన్నాను.

భూకంపం వెంట వచ్చే ముప్పుల్లో సునామీ తేలిగ్గానే అర్థమైంది. కొండచరియలు విరిగిపడటానికి 2015 నేపాల్ భూకంపం ఉదాహరణగా సరిపోయింది. గట్టి నేల బురదలా మారిపోతుందంటే మాత్రం ఒక్కరూ నమ్మలేదు. ట్రేలో తడి ఇసుక పోసి, పైన ఇటుక నిలబెట్టి, పక్కనుంచి తట్టించాను. కాసేపటికి ఇసుక మీద నీళ్లు తేలాయి, ఇటుక ఒరిగి ఓ మూల దిగబడింది. కుదుపుకి రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగి, అవి ఒకదాన్నొకటి పట్టుకోలేవు, అంతే. 2001 గుజరాత్ భూకంపంలో కచ్ రణ్‌లో నేలలోంచి నీళ్లు, ఇసుక చిమ్మింది ఇలాగే.

అసలు గొడవ డ్రిల్ రోజున. విజిల్ వేశాను. అందరూ బెంచీల కింద దూరి, తల దాచుకుని, బెంచీ కాలు పట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే తనిఖీ అధికారి లోపలికొచ్చారు.

‘ఏం సార్, దాగుడుమూతలా?’

విషయం చెప్పాను. ‘ఇక్కడంతా బండ నేల. మనకు భూకంపాలేంటి? సిలబస్ ఎంతదాకా అయింది?’ అని మొదలుపెట్టి, దిద్దని నోట్‌బుక్కుల దగ్గర్నుంచి హాజరు పట్టీ దాకా దులిపేశారు. నేను లేవమనలేదు కనక పిల్లలు కిందనే ఉండి అంతా విన్నారు. ఇన్నేళ్ల సర్వీసులో నా పిల్లల ముందు నన్నెవరూ అలా నిలబెట్టలేదు. ఇంతలో మూడో బెంచీ కిందనుంచి ఓ అమ్మాయి గొంతు: ‘లాతూరుది కూడా బండ నేలే సార్. 1993లో దాదాపు పదివేలమంది పోయారు.’

ఆయన మాట్లాడకుండా హెడ్మాస్టర్ గదికి వెళ్లిపోయారు. సాయంత్రానికి నన్ను సంజాయిషీ రాసివ్వమన్నారు. రాశాను. లాతూరు సంగతి కూడా చేర్చాను, ఆ అమ్మాయి పేరు తప్ప.

మీరూ చేయించాలనుకుంటే ముందు హెడ్మాస్టర్‌తో కాగితం మీద సంతకం, ముద్ర వేయించుకోండి. నోటిమాట అనుమతి తనిఖీ రోజున ఎవరికీ గుర్తుండదు. బెంచీల కింద పట్టని పొడుగు పిల్లలను కిటికీలకు, బీరువాలకు దూరంగా లోపలి గోడ పక్కన కూర్చోబెట్టి, తలమీద బ్యాగు పెట్టుకోమనండి. కుదుపు ఆగకముందే మెట్లమీదికి పరుగెత్తనివ్వకండి. పదో తరగతికి వచ్చే వారం చేయిస్తున్నాను, తనిఖీ ఉన్నా సరే.